అక్షరం ముందు, రాజ్యం తర్వాత

ఈ సంచికలో లిథువేనియా సాహిత్యానికి పెద్దపీట వేశాం. ఆ దేశం మొదట పుస్తకాల్లో పుట్టింది.

రష్యా పాలనపై లేచిన 1863 తిరుగుబాటును అణచివేశాక జార్ ప్రభుత్వం లిథువేనియన్ భాషను లాటిన్ లిపిలో అచ్చువేయకూడదంది. నిషేధం 1904 దాకా సాగింది. సర్కారు సిరిలిక్ లిపిలో అచ్చువేయించిన పుస్తకాలను జనం ముట్టలేదు. తూర్పు ప్రష్యాలో అచ్చయిన పుస్తకాలను రైతులు, చర్చి గురువులు దొంగచాటుగా సరిహద్దు దాటించారు. పట్టుబడినవారిలో కొందరిని సైబీరియాకు పంపారు.

1883లో ‘ఔష్రా’ పత్రికను స్థాపించిన యోనాస్ బసనావిచియస్, 1918 ఫిబ్రవరి 16న స్వాతంత్ర్య ప్రకటనపై సంతకం చేశారు. ‘వార్పస్’ పత్రిక సంపాదకుడు వింట్సాస్ కుదిర్కా 1898లో రాసిన గీతమే నేటి జాతీయగీతం. ఆ తర్వాత వచ్చిన సోవియట్ పాలనలో చారిత్రక నాటకాలు రాసిన కవి యుస్తినాస్ మార్త్సింకెవిచియస్, 1988లో, స్వాతంత్ర్యానికి దారితీసిన ‘సాయూదిస్’ ఉద్యమాన్ని ఆరంభించినవారిలో ఒకరు. 1990 మార్చి 11న దేశం మళ్లీ స్వాతంత్ర్యం ప్రకటించుకుంది.

రాజ్యానికి ప్రాణం పోసిన సాహిత్యానికి దాన్ని నిలదీసే హక్కూ ఉంటుంది. సోవియట్ పాలకులు పౌరసత్వం లాక్కున్న కవి తోమాస్ వెంత్స్లోవా, సొంత జాతి దురభిమానాన్నీ అంతే గట్టిగా ప్రశ్నించారు. రాజ్యానికి ప్రాణం పోసే, దాన్ని నిలదీసే ఈ రెండు ధోరణులనూ కలిపి చదవమని మా మనవి.

– సంపాదకుడు