సంఘం అప్పు వాయిదాలకేనా?

కొల్లేటి లంక గ్రామాల్లో చుట్టూ నీరే. అయినా చాలా ఊళ్లలో తాగే నీటిని డబ్బాల లెక్కన కొనుక్కోవలసి వస్తున్నది. ఆ నీరు మోసేది ఆడవారే. వారికి డ్వాక్రా సంఘాలున్నాయి. కానీ నెలనెలా సమావేశంలో పొదుపు, అప్పు, వాయిదా తప్ప మరో మాట తరచు వినబడదు.

1982లో డ్వాక్రా మొదలైంది అప్పుల కోసమే కాదు. నెల్లూరు జిల్లా దూబగుంటలో అక్షరాలు నేర్వడానికి కూడిన మహిళలే సారాపై తిరగబడ్డారు. ఆ ఉద్యమం పాకి, 1993లో రాష్ట్రంలో సారా నిషేధం వచ్చింది.

వాయిదా కట్టవలసిందే. కట్టాక మరో అరగంట కూర్చుని, మంచినీటి సంగతి తీర్మానాల పుస్తకంలో రాయించాలి. ఊళ్లోని సంఘాలన్నీ ఒకే తీర్మానం చేసి గ్రామసభలో చదివితే పంచాయతీవారు, అధికారులు సమాధానం చెప్పక తప్పదు.