ముందుమాటలో ఆఖరి వాక్యం

తెలుగులో వెలువడే పరిశోధన గ్రంథాల ముందుమాటలు ఓ పది వరుసగా తీసి చూడండి. గురువులకు నమస్కారాలు, గ్రంథాలయ సిబ్బందికి కృతజ్ఞతలు, ముద్రాపకులకు ధన్యవాదాలు అయ్యాక ఆఖరున ఒక వాక్యం ఉంటుంది. ఇంటి భారమంతా తానే మోసి నన్ను రాసుకోనిచ్చిన అర్ధాంగికి ఏమిచ్చి ఋణం తీర్చుకోగలను, అని. ఆ ప్రశ్నకు జవాబు వెతికిన ముందుమాట ఒక్కటీ నా కంటబడలేదు. ఋణం ఉన్నదని ఒప్పుకుంటూనే దాన్ని కొట్టివేయడానికి మనవాళ్ళు కనిపెట్టిన సొంపైన పద్ధతి అది.

ఈ మధ్య ఒక ఆవిష్కరణ సభలో ఒక పెద్దాయన, సంసారంలో మునిగినవాళ్ళు కథ రాయగలరేమో గాని గ్రంథం రాయలేరనీ, అది తపస్సనీ సెలవిచ్చారు. సభ చప్పట్లు చరిచింది. నా పేచీ ఆ మాటతోనూ, ఆ చప్పట్లతోనూ.

నేను కథలు రాయను. 1908 సెప్టెంబరు 28న మూసీ పొంగి నగరాన్ని ముంచెత్తిన తరువాత, ఈ ఊరు తన మురుగునూ మంచినీళ్ళనూ ఎలా సర్దుకున్నదో రాస్తున్నాను. ఉండేది ముషీరాబాదులో. వంట ముగించి, అమ్మాయిని బడికి పంపి, రామ్‌నగర్ మీదుగా అడిక్‌మెట్ వంతెన దాటి విశ్వవిద్యాలయ గ్రంథాలయంలో కూర్చునేసరికి పదిన్నర. మూడింటికి లేవాలి. తార్నాకలో నాన్నగారు ఒక్కరే ఉంటారు. ఆయన మందులూ, ఆ ఇంటి పాల లెక్కా చూసి, అమ్మాయి వచ్చేలోగా ముషీరాబాదు చేరాలి. వెరసి రోజుకు నాలుగున్నర గంటలు. నగరాభివృద్ధి సంస్థ 1912లో ఏర్పడిందని రాయడానికి నిమిషం చాలు. ఆ సంస్థ ఏ పేటను ఎప్పుడు ముట్టుకుందో, ఎవరి ఇళ్ళు తీయించిందో రూఢి చేసుకోవాలంటే వారం పోతుంది. కథను కూర తరుగుతూ కూడా మనసులో మోయవచ్చునంటారు; నిజానిజాలు కథకులే చెప్పాలి. దస్తావేజును మాత్రం వంటింటిదాకా మోసుకురాలేం.

అయితే ఇదంతా విని సంసారమే నా పుస్తకానికి శత్రువని ఎవరూ తీర్పు చెప్పకండి. నాన్నగారు నిజాం కాలపు బడిలో ఉర్దూలో అక్షరాలు దిద్దుకున్నవారు. ఎనభై తొమ్మిదేళ్ళ వయసులో భూతద్దం పెట్టుకుని, నేను తెచ్చిన పాత కాగితాల నకళ్ళు చదివి అర్థం చెబుతారు. చెరిగిన సిరాలో 'నల్' ఏదో 'నాలా' ఏదో ఆయన కన్ను ఇట్టే పట్టేస్తుంది. ఒకటి మంచినీళ్ళ కొళాయి, రెండవది మురుగు కాలువ. ఆదివారాలు మా ఆయన పదసూచిక తయారు చేస్తారు. నా ఇల్లు ఈ పుస్తకానికి అడ్డుగోడ అయితే, ఆ పెద్దాయన చెప్పే తపోవనంలో ఈ ఉర్దూ ఎవరు చదివిపెడతారు?

చరిత్రలోకి వెళ్ళినా తపస్సు సిద్ధాంతం నిలబడదు. భండారు అచ్చమాంబగారు భర్త ఉద్యోగరీత్యా మధ్యపరగణాల్లో కాపురం చేస్తూ, కన్నబిడ్డలను పోగొట్టుకుని కూడా, 'అబలా సచ్చరిత్ర రత్నమాల' మొదటి భాగాన్ని 1901 నాటికి తెలుగువారి చేతిలో పెట్టారు. ఇంట్లో ఉండి గ్రంథం రాయవచ్చుననడానికి ఆమెకు మించిన సాక్ష్యం లేదు. కాని అనుకున్న తక్కిన భాగాలు పూర్తి కాకుండానే 1905లో, ముప్పయ్యేళ్ళకే వెళ్ళిపోయారు. ఆమె తమ్ముడు కొమర్రాజు లక్ష్మణరావుగారికి మునగాల సంస్థానంలో దివాను కొలువుంది; 1906లో హైదరాబాదులో నెలకొల్పిన విజ్ఞాన చంద్రికా మండలి ఉంది. అయినా విజ్ఞాన సర్వస్వం అసంపూర్ణంగానే మిగిలి, 1923లో ఆయనా పోయారు. 1960లలో ఆరుద్రగారు 'సమగ్ర ఆంధ్ర సాహిత్యం' సంపుటాలు తెస్తున్న కాలంలో ఇంటికి బియ్యం తేవడానికి సినిమా పాటలున్నాయి. ప్రతి పెద్ద గ్రంథం వెనకా మరొకరి డబ్బో, మరొక వృత్తో, పేరు అచ్చుకాని మరొకరి చాకిరీయో ఉంది. దీన్ని తపస్సంటే, ఆ ఖర్చు ఎవరు పెట్టారని అడగనక్కరలేకుండా పోతుంది.

మరో దారి లేదా అంటే, ఉంది. ఈ గడ్డమీదే ఉండేది. 1918లో ఉస్మానియా విశ్వవిద్యాలయం మొదలవడానికి ముందే, 1917లో, పాఠ్యగ్రంథాలను ఉర్దూలోకి తేవడానికి దారుల్ తర్జుమా ఏర్పడింది. జోష్ మలీహాబాదీ వంటి మహాకవి కూడా అక్కడ ఉద్యోగం చేశాడు. శాస్త్రగ్రంథ రచన నెలజీతం తీసుకుని చేసే పని అని నూరేళ్ళ కిందటే ఒక ప్రభుత్వం ఒప్పుకుంది. రాచరికం మీద నాకు మోజు లేదు. ఆ పాటి ఇంగితం మన ప్రజాస్వామిక ప్రచురణ రంగానికి ఎందుకు లేదన్నదే నా ప్రశ్న.

తెలుగులో ఇటువంటి పుస్తకాలు అమ్ముడుపోవు, డబ్బెక్కడిది అంటారు. నా క్రితం పుస్తకం అయిదు వందల ప్రతులు వేశారు. కాగితం వాడికి డబ్బు ఇచ్చారు. అచ్చువాడికి, బైండింగువాడికి ఇచ్చారు. సభ జరిగిన హాలుకు అద్దె కట్టారు. నా భుజాన కప్పిన శాలువాకు కూడా దుకాణంలో ఖరీదు చెల్లించే ఉంటారు. నాకు పాతిక ప్రతులు ఇచ్చారు. అమ్ముడుపోకపోవడం నిజమే అయితే ఆ నష్టం అందరికీ పంచబడాలి గదా. రాసినవారి వాకిట్లోకే ఎందుకు వచ్చి కూర్చుంటుంది?

ఇక గడువు సంగతి. డిసెంబరులో హైదరాబాదు పుస్తక ప్రదర్శన గనుక సెప్టెంబరు ఆఖరుకు ప్రతి కావాలంటారు. ఆ నెలలో అమ్మాయికి పరీక్షలున్నాయా, నాన్నగారి కంటికి శస్త్రచికిత్స ఉందా అన్నది ఒప్పందంలో లేదు. ఉండాలని నేనూ అనను. కాని బయానా ఇవ్వనివారికి గడువు విధించే హక్కు ఎక్కడిది? పైకం ఇవ్వకుండా మేస్త్రీని తొందరపెట్టే ఇంటి యజమానిని మనం లోకంలో ఏమంటామో, ఇక్కడా అదే అనాలి.

నేను అడిగేవి మూడే. ప్రతి చేతికి రాకముందే, పని నడుస్తుండగానే, ఎంత చిన్నదైనా ఒక మొత్తం ఇవ్వండి. గ్రంథాలయాలను సాయంత్రం వేళా, ఆదివారమూ పరిశోధకులకు తెరిచి ఉంచండి. పగలు ఇల్లు చూసుకునేవాళ్ళకు కూడా చదువు దక్కుతుంది. ముందుమాటలో 'సహకారం' అన్న ముసుగు తీసేసి, ఎవరు శుద్ధప్రతి రాశారో, ఎవరు అచ్చు దిద్దారో, ఎవరు సూచిక చేశారో పేరు పెట్టి రాయండి.

చదువరులకూ ఒక మనవి. ఈసారి ఆవిష్కరణ సభకు వెళ్ళినప్పుడు, వక్త 'తపస్సు' అనగానే చప్పట్లకు చేతులెత్తకండి. లేచి నిలబడి, ఈ పుస్తకానికి రచయితకు ఎంత ఇచ్చారని మర్యాదగా అడగండి. వేదిక మీద ఎవరు ఎవరి ముఖం చూస్తారో గమనించండి.