గ్రంథాలయంలో పుస్తకాలతో పాటు సైకిల్ సెన్సర్లూ అరువివ్వాలి



మన చోడవరంలో తెల్లవారకముందే రోడ్డెక్కేవాళ్లు రెండు రకాలు. కానిస్టేబుల్ సెలక్షన్లకో, ఆర్మీ ర్యాలీకో తయారయ్యే కుర్రాళ్లు ఒక రకం. డాక్టరు గట్టిగా చెప్పాక అటక మీంచి సైకిలు దింపిన నాబోటి యాభై దాటినవాళ్లు రెండో రకం. గోవాడ చక్కెర ఫ్యాక్టరీ పక్కన బతికిన మనకి ఒకప్పుడు షుగరంటే చెరకు బిల్లు. ఇప్పుడు షుగరంటే పరగడుపున వేలు పొడిపించుకోవడం.

ఈ రెండు రకాల వాళ్లకీ ఉన్న కొరత ఒక్కటే. ఎంత కష్టపడుతున్నామో లెక్క తెలీదు. చెమట పట్టింది కదా అనుకుంటాం. వైశాఖంలో మన ఊళ్లో అరుగు మీద ఊరికే కూర్చున్నా చెమట పడుతుంది.

కిందటేడు ఛాతీకి కట్టుకునే గుండె సెన్సరొకటి కొన్నాను. ఫోను జేబులో వేసుకుని అనకాపల్లి రోడ్డు పట్టాను. వెళ్లేటప్పుడు ఎదురుగాలి. గంటకి పద్నాలుగు కిలోమీటర్లు కూడా రావడంలేదు, గుండె మాత్రం నిమిషానికి 150 సార్లు కొట్టుకుంటోంది. తిరుగు ప్రయాణంలో గాలి వీపున తోసింది. వేగం ఇరవై, గుండె 115. వేగమొక్కటే చూసుకుని ఉంటే వచ్చేటప్పుడే బాగా తొక్కానని మురిసిపోయేవాణ్ని. అసలు కష్టమంతా వెళ్లేటప్పుడే పడ్డాను. ఆ సంగతి గుండె చెప్పింది, ఫోను రాసిపెట్టింది.

ఇది కొత్త వింతేమీ కాదు. తీగ లేకుండా గుండె లెక్క చూపించే పరికరాన్ని ఫిన్లండ్‌కు చెందిన పోలార్ సంస్థ 1982లోనే అమ్మింది. అప్పట్లో అది పెద్ద క్రీడాకారుల సొత్తు. 2010లో బ్లూటూత్ 4.0 వచ్చి, తక్కువ కరెంటుతో కబురంపే పద్ధతి తెచ్చింది. దాంతో రూపాయి బిళ్లంత బ్యాటరీతో నెలల తరబడి నడిచే సెన్సర్లు వచ్చాయి. వాటి మాట వినే ఫోను ఇప్పుడు మనందరి జేబుల్లోనూ ఉంది. సైకిలు పెరట్లోనే ఉంది. లేనిదల్లా మధ్యలో ఉండే ఆ చిన్న బిళ్ల. మంచి గుండె సెన్సరు కావాలంటే వేలల్లో మాట. రోజూ రెండు గంటలు గ్రౌండులో పరిగెత్తే కుర్రాడు అంత పెట్టి కొనలేడు. కొన్నా ఇరవైనాలుగు గంటలూ వాడడు.

పదిమందికి అవసరమై, ఒక్కొక్కరూ కొనలేనిదాన్ని ఊరంతా కలిసి కొనుక్కుని వంతులవారీగా వాడుకోవడానికి మనవాళ్లు ఏనాడో ఒక చోటు కట్టుకున్నారు. దాని పేరు గ్రంథాలయం. 1886లో విశాఖపట్నంలో మంతెన ఆదినారాయణమూర్తి అనే బడిపంతులు పెట్టిన పఠనాలయంతో తెలుగునాట ఆ ఉద్యమం మొదలైంది. 1935లో పాతూరి నాగభూషణం పుస్తకాలను పడవకెత్తి కాలువల మీద ఊరూరా తిప్పారు. చదివేవాడి దగ్గరకి సరుకు వెళ్లాలన్నది వాళ్ల పట్టుదల. ఇప్పుడా సరుకులో సెన్సర్లనీ చేర్చమని సైకిలు తొక్కే మేం నలుగురం అడుగుతున్నాం.

ఖర్చెవరు పెట్టుకుంటారని అడగకండి. మీ ఇంటిపన్ను రసీదు ఒకసారి తీసి చూడండి. 1960 నాటి గ్రంథాలయాల చట్టం ప్రకారం ప్రతి రూపాయి పన్నుకీ ఎనిమిది పైసలు గ్రంథాలయ పన్ను కడుతున్నాం. వెయ్యి రూపాయల పన్ను కట్టే ఇల్లు ఎనభై రూపాయలు కడుతోంది. కాబట్టి మేమడిగేది దానం కాదు.

“పుస్తకాలకే దిక్కులేదు, మాస్టారూ, సెన్సర్లేటి?” అని ఒక మిత్రుడు ఎద్దేవా చేశాడు. పుస్తకాలు తగ్గించమని మేమనడంలేదు. పొద్దున్న గ్రౌండులో 1600 మీటర్లు పరిగెత్తే కుర్రాడే మధ్యాహ్నం గ్రంథాలయంలో పోటీ పరీక్షల పుస్తకం ముందేసుకుని కూర్చుంటున్నాడు. మోకాళ్లు నొప్పెట్టిన రోజున పరుగు మాని సైకిలు తొక్కుతాడు. అతనికి కావలసిన రెండు వస్తువులూ ఒకే బల్ల మీద దొరికితే తప్పేముంది?

మా కోరిక పెద్దదేమీ కాదు. జిల్లా గ్రంథాలయ సంస్థ మన ఊరి గ్రంథాలయానికి గుండె సెన్సర్లు ఆరు, సైకిలు వేగం చెప్పే చక్రం సెన్సర్లు నాలుగు కొనివ్వాలి. పుస్తకానికి తీసుకున్నట్టే ధరావతు తీసుకుని వారం రోజులు అరువివ్వాలి. ఒకరి చెమట ఇంకొకరికి అంటుతుందన్న బెంగ అక్కర్లేదు. సెన్సరు పట్టీకి టిచ్ బటన్లతో అంటుకుని ఉంటుంది, ఊడి వస్తుంది. పట్టీ ఎవరిది వాళ్లు కొనుక్కుని ఉతుక్కుంటారు, బిళ్ల మాత్రం గ్రంథాలయానిది.

పెడలు తిరుగుళ్లు లెక్కపెట్టే సెన్సరు కూడా ఉంది. అది వద్దు. గేర్లు లేని మన సైకిళ్లకి అది దండగ. ముందు 44 పళ్లు, వెనక 18 పళ్లు ఉన్న పెద్ద సైకిలు, పెడలు ఒక్కసారి తిప్పితే ఐదున్నర మీటర్లు వెళ్తుంది. నిమిషానికి అరవై తిప్పితే గంటకి సుమారు ఇరవై కిలోమీటర్లు. తొక్కుతున్నంతసేపూ చక్రం వేగం తెలిస్తే పెడలు లెక్క దానంతటదే తెలుస్తుంది. ఊరి డబ్బు కదా, అవసరమైనదే కొనాలి.

కొనేటప్పుడు ఒక్క షరతు మాత్రం వదలకూడదు. సెన్సరు అందరూ వాడే బ్లూటూత్ ప్రమాణంలోనే మాట్లాడాలి, ఏ యాప్‌తోనైనా కలవాలి. ఈ పాఠం నాకు డబ్బు పోయాక వచ్చింది. మొదట కొన్న చేతిపట్టీ దాని కంపెనీ యాప్‌తో తప్ప పలికేది కాదు. కొన్నాళ్లకి ఆ యాప్ ఆగిపోయింది. పట్టీ ఇప్పుడు మనవరాలి ఆటవస్తువు. ఆంట్ ప్లస్ అనే ఇంకో భాష ఒక్కటే తెలిసిన సెన్సర్లూ వద్దు, చాలా ఫోన్లకి అది అర్థం కాదు.

వాడకంలో తగిలే చిక్కులు మా నలుగురికీ ఇప్పటికే తగిలాయి. పట్టీ లోపలివైపు తడపకపోతే గుండె లెక్క రాదు, చెంబులో వేళ్లు ముంచి రాస్తే చాలు. సెన్సరుని ఫోను బ్లూటూత్ సెట్టింగుల్లో వెతక్కండి, యాప్‌లోంచే కలపాలి. అయినా కనబడకపోతే, నిన్న వాడినవాడి ఫోను ఇంకా దాన్ని పట్టుకుని ఉందేమో చూడండి. చాలా సెన్సర్లు ఒకసారికి ఒక్క ఫోనుకే పలుకుతాయి. తెర ఆరగానే లెక్క ఆగిపోతే, బ్యాటరీ ఆదా పేరుతో ఫోనే యాప్‌ని చంపేస్తోందన్నమాట. ఆ యాప్‌కి మినహాయింపివ్వాలి. చక్రం సెన్సరుకి చుట్టుకొలత సరిగ్గా ఇవ్వాలి. టైరు మీద సుద్దముక్కతో గీత గీసి, ఒక్క చుట్టు దొర్లించి, నేల మీద టేపు పట్టండి. పెద్ద సైకిలుకి రెండుంపావు మీటర్ల దగ్గర వస్తుంది. ఫోనుని హ్యాండిల్‌కి మాత్రం కట్టొద్దు. భీమిలి–నర్సీపట్నం రోడ్డు గోతుల్లో ఏ పట్టూ నిలవదు, మన కళ్లు కూడా రోడ్డు మీద ఉండవు. జేబులో వేసుకుంటే లెక్క తన పాటికి తాను రాసుకుంటుంది.

మరి ఎంత గుండె వేగం మంచిది? 220లోంచి వయసు తీసేస్తే గరిష్ఠం వస్తుందన్నది మోటు లెక్క, మనిషికీ మనిషికీ తేడా ఉంటుంది. యాభై ఏళ్లవాడికి 170. అందులో సగం నుంచి డెబ్బై శాతం, అంటే 85 నుంచి 119 దాకా, మధ్యరకం శ్రమ. వారానికి కనీసం 150 నిమిషాలు అలాంటి శ్రమ చెయ్యమని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. బీటా బ్లాకర్ రకం బీపీ మాత్రలు వేసుకునేవాళ్లకి ఈ లెక్క పనికిరాదు, ఆ మాత్రలు గుండె వేగాన్ని తగ్గిస్తాయి. వాళ్లు డాక్టర్నడిగి అంకె రాయించుకోవాలి. ఛాతీ నొక్కేస్తున్నట్టుంటే ఫోను చూస్తూ నిలబడకండి, ఆస్పత్రికి వెళ్లండి.

ఇంకొక్క మాట. మీ గుండె లెక్క, మీరు ఏ వీధిలోంచి ఎన్నింటికి బయల్దేరారన్న లెక్క, మీ సొంతం. స్ట్రావా అనే యాప్ బయటపెట్టిన పటంలో సైనిక స్థావరాల ఆనవాళ్లే ఉన్నాయని 2018లో బయటపడింది. అలాంటిది మన ఇంటి గుమ్మం కనబడదా? యాప్‌లో ఇంటి పరిసరాలు దాచే మీట నొక్కండి, ముఖ్యంగా ఆడపిల్లలు. గ్రంథాలయం దగ్గర ఎవరు ఎప్పుడు తీసుకెళ్లారన్న రిజిస్టరు తప్ప ఇంకే లెక్కా ఉండకూడదని జిల్లా గ్రంథాలయ సంస్థకిచ్చే అర్జీలో రాశాం.

అర్జీ సిద్ధంగా ఉంది. వచ్చే ఆదివారం పొద్దున్న ఐదున్నరకి స్వయంభూ విఘ్నేశ్వరుడి గుడి ముందుకి సైకిలు మీద రండి. మా దగ్గరున్న రెండు సెన్సర్లూ వంతులవారీగా కట్టుకుని గోవాడ దాకా వెళ్లొద్దాం. తిరిగొచ్చాక సంతకాలు పెడదాం. ఇంటిపన్ను రసీదు జిరాక్సు ఒకటి తెచ్చుకోండి, అర్జీకి జత చెయ్యాలి.