వెలగల దృశ్యం – విలువగల ఆలోచన

వైజ్ఞానిక కల్పనతో కూడిన టెలివిజన్ ధారావాహికలు నాసిరకంగా ఉంటాయన్న మాట తరచుగా వినిపిస్తుంది. అందులో కొంత నిజం లేకపోలేదు. శూన్యంలో శబ్దం ప్రయాణించదని పాఠశాల విద్యార్థికి సైతం తెలుసు. అయినా తెరపై అంతరిక్ష నౌకలు హోరుమంటూనే సాగిపోతాయి. చాలా ధారావాహికలలో శాస్త్రం అలంకారమే తప్ప ఆధారం కాదు.

అయితే వీటి విలువను ఖరీదైన దృశ్యాలతో కొలవడం సమంజసం కాదు. 1966లో అమెరికాలో ప్రారంభమైన 'స్టార్ ట్రెక్'నే తీసుకుందాం. ప్రతివారం నౌకను ఒక గ్రహంపై దించి చూపడానికి నిర్మాతలవద్ద తగినంత ధనం లేదు. అందుచేత మనుషులను శక్తిగా మార్చి క్షణంలో నేలపైకి చేర్చే యంత్రాన్ని కల్పించారు. లోటే కల్పనకు ఊపిరి పోసింది. 1969లో ప్రసారమైన ఒక భాగంలో సగం నలుపు, సగం తెలుపు ముఖాలుగల ఇద్దరు శత్రువులు కనిపిస్తారు. ఒకరికి కుడివైపు నలుపు, మరొకరికి ఎడమవైపు. ఆ తేడా రగిల్చిన ద్వేషంతో వారి గ్రహమంతా నాశనమైపోతుంది. ఆ ముఖాలకు కావలసింది కేవలం రంగుపూత. కాని వర్ణవివక్షతో రగులుతున్న నాటి అమెరికాకు అది పట్టిన అద్దం.

నేడు కంప్యూటర్ల సాయంతో ఎంతటి దృశ్యాన్నైనా సృష్టించవచ్చు. కథలో ఆలోచన లోపిస్తే ఆ దృశ్యం దానిని పూరించలేదు. కనుక ఈ ధారావాహికలలో అధికభాగం నాసిరకమే అయినా, ఆ ప్రక్రియ నాసిరకమైనది కాదు. తాను పెట్టుకున్న నియమాలకు కథ కట్టుబడి ఉన్నదా? మన లోకాన్ని గురించి ఏమైనా చెబుతున్నదా? ఈ రెండు ప్రశ్నలకూ అవునని బదులు వస్తే, అది చక్కగా రూపొందిన ధారావాహికయే.