రబ్బరు తొడుగును చూసి నవ్వేవారికి

“రబ్బరు తొడుగులో ఒక మనిషి, అట్టముక్కలతో కట్టిన ఊరు. దీన్నీ సినిమా అనాలా?” గాడ్జిల్లా పేరెత్తగానే సాహితీమిత్రుల నుండి నాకు తరచు ఎదురయ్యే ప్రశ్న ఇది. కురొసవా ‘సెవెన్ సమురాయ్’ని తలచి చేతులు జోడించేవారే ఈ మాట అంటారు. అయ్యా, ఆ రెండు చిత్రాలూ 1954లో ఒకే తోహో సంస్థ నుండి వెలువడ్డాయి. అందులో సమురాయ్‌ల నాయకుడిగా మనల్ని కట్టిపడేసిన తకాషి షిమురాయే ఇందులో శాస్త్రవేత్త యమానె. గాడ్జిల్లా దర్శకుడు ఇషిరో హోండా కురొసవాకు ఆప్తమిత్రుడు. మరి ఒకరికి పీఠమూ, మరొకరికి పరిహాసమూ ఎందుకు?

నిజం చెప్పాలంటే ఒకప్పుడు నేనూ నవ్వినవాణ్ణే. నేను మొదట చూసినది 1956 నాటి అమెరికన్ కూర్పు. రేమండ్ బర్ అనే నటుణ్ణి విలేఖరిగా మధ్యమధ్య అతికించి, అసలు చిత్రాన్ని చాలావరకు కత్తిరించినది. కొన్నేళ్ళకు జపనీస్ మూలాన్ని చూశాక నా నవ్వుకు నేనే సిగ్గుపడ్డాను.

ఆ చిత్రం పుట్టిన సంవత్సరాన్ని ఒకసారి గుర్తుచేసుకోండి. 1954 మార్చి 1న బికినీ దీవుల వద్ద అమెరికా హైడ్రోజన్ బాంబును పరీక్షించింది. ‘దైగో ఫుకుర్యూ మారు’ అనే చేపల పడవలోని 23 మందిపై విషపు బూడిద కురిసింది. వారిలో ఒకరు సెప్టెంబరులో మరణించారు. నవంబరు 3న గాడ్జిల్లా విడుదలైంది. చిత్రం మొదట్లోనే సముద్రంలో కళ్ళు చెదిరే వెలుగు పుట్టి నావ తగలబడుతుంటే, ఆనాటి జపాన్ ప్రేక్షకులకు అది వట్టి కల్పనగా తోచి ఉంటుందా? రైలులో ఒక యువతి, నాగసాకిలో ఎలాగో బ్రతికి బయటపడితే ఇప్పుడిది వచ్చిపడిందని నిట్టూరుస్తుంది. అమెరికన్ కూర్పులో ఆ మాట లేదు! టోక్యో కాలుతుండగా ఒక తల్లి తన పిల్లలను పొదువుకుని, త్వరలోనే నాన్న దగ్గరకు వెళ్తామని ఓదారుస్తుంది. తొమ్మిదేళ్ళ క్రితం నిజంగానే తగలబడిన నగరం తన దుఃఖాన్ని తెరపై మళ్ళీ చూసుకుంటూంటే, మనం రబ్బరు మడతలు లెక్కపెడుతున్నాం.

సరే, ఆ రబ్బరు సంగతే చూద్దాం. దాదాపు 100 కిలోల తొడుగును మోస్తూ హరువో నకజిమా నడిచాడు. ఎయిజి త్సుబురాయా బృందం నగరాన్ని 25వ వంతు పరిమాణంలో కట్టింది. కెమెరాను మామూలు కంటే వేగంగా నడిపి తీయడం వల్ల తెరపై ప్రతి అడుగూ నెమ్మదించింది. ఆ నెమ్మదిలోనే బరువు పుట్టింది. కూలినది నమూనాయే, కానీ నిజంగా కూలింది. సంగీత దర్శకుడు ఇఫుకుబె, డబుల్ బాస్ వాద్యపు తీగలను వదులు చేయించి, తోలు చేతితొడుగుతో రుద్దించి ఆ గర్జనను పుట్టించాడు. జపాన్ వారి బున్రాకు ఆటలో బొమ్మను ఆడించే ముగ్గురూ వేదికపైనే కనబడుతూ ఉంటారు. అయినా ప్రేక్షకుడు ఆ బొమ్మ కోసం కన్నీరు పెడతాడు. తోలుబొమ్మలాట చూసిన మనకు ఈ రహస్యాన్ని ఒకరు విప్పి చెప్పాలా?

తరువాతి చిత్రాలన్నీ ఇంతటివని నేననను. 1965లో గాడ్జిల్లా గంతులేసి నాట్యం కూడా చేసింది, హతవిధీ! అయినా 1971లో పరిశ్రమల మురికి నుండి పెరిగిన హెడోరాతో తలపడి, ఆ కాలపు జపాన్ పీల్చిన విషాన్ని తెరకు తెచ్చింది. 2023 నాటి ‘గాడ్జిల్లా మైనస్ వన్’ రబ్బరును వదలి కంప్యూటరును ఆశ్రయించింది, దృశ్యప్రభావాలకు 2024లో ఆస్కార్ గెలిచింది. అదీ యుద్ధం నుండి బ్రతికివచ్చినవారి శోకం మీదే నిలబడింది. సాధనం మారినా మూలం మారలేదు.

మొదటి చిత్రంలో ఆ మృగాన్ని చంపగల ఆయుధం సెరిజావా అనే శాస్త్రవేత్త చేతిలో ఉంటుంది. అది మరొకసారి పాలకుల చేతికి చిక్కరాదని అతడు తన కాగితాలన్నీ కాల్చివేసి, మృగంతోపాటు సముద్రగర్భంలోనే మరణిస్తాడు. కనుగొన్నవాడి బాధ్యత ఎంతవరకు అన్న ప్రశ్నను ఇంత సూటిగా అడిగిన చిత్రాలు ఎన్ని ఉన్నాయో మీరే చెప్పండి.

నవ్వదలచినవారు నవ్వండి, కాదనను. మూలాన్ని చివరిదాకా చూశాక నవ్వండి.