దూధ్‌నాథ్ తివారీ రెండు పరారీలు

సైన్యాన్ని విడిచి పారిపోవుట నేరమని ప్రతి ప్రభుత్వమూ శాసిస్తుంది. అన్నం పెట్టిన ఇంటిని విడిచి, ఆ ఇంటి గుట్టును పరుల కెరిగించుట నేరమని మాత్రం ఏ శిక్షాస్మృతిలోనూ కానరాదు. దూధ్‌నాథ్ తివారీ చరిత్ర ఇందుకు నిదర్శనం.

తివారీ 14వ బెంగాల్ పదాతిదళంలో సిపాయి. 1857 జూలైలో ఆ దళం ఝీలంలో తిరుగుబాటు చేసింది. తిరుగుబాటు, పరారీ అనే నేరాలపై అతనికి యావజ్జీవ ద్వీపాంతరవాసం విధించినారు. 1858 ఏప్రిల్‌లో అండమాన్ చేరిన కొద్ది దినాలకే తోటి ఖైదీలతో తెప్పలపై తప్పించుకున్నాడు. అడవిలో గ్రేట్ అండమానీల బాణాలకు సహచరులు బలియైనారు. గాయపడిన తివారీని మాత్రం వారు తుదకు చంపక, గాయాలకు ఎర్రమట్టి పూసి, తల గొరిగి, తమలో కలుపుకున్నారు. లిపా అనే యువతినిచ్చి పెండ్లి చేసినారు.

ఏడాది గడిచింది. 1859 మేలో ఆ జనమంతా అబర్డీన్ స్థావరంపై దాడికి కూడుతుండగా, తివారీ ముందుగా పోయి అధికారులను హెచ్చరించినాడు. విల్లంబులు తుపాకులకు ఎదురు నిలువలేకపోయినవి. ప్రభుత్వం తివారీకి క్షమాభిక్ష పెట్టింది. గర్భవతియైన లిపా అడవిలోనే మిగిలిపోయింది.

అతని పక్షాన చెప్పదగిన మాట లేకపోలేదు. ఆ స్థావరంలో నున్నవారు అతనివంటి ఖైదీలే. వారి ప్రాణాలు కాపాడినాడని వాదింపవచ్చు. కాని అంతకుముందు ఏప్రిల్‌లో జరిగిన దాడిలో, అండమానీలు సంకెళ్లున్న ఖైదీల జోలికి పోవ ఇచ్చగింపక, వారిపై పెత్తనం చేసే మేస్త్రీలనే ఎంచి కొట్టినారని సర్కారు పత్రాలే చెప్పుతున్నవి. సంకెల ఎవరిదో, అధికారం ఎవరిదో అడవివారు గుర్తించగలిగినారు. ఆ సంకెలను స్వయంగా మోసిన సిపాయికి ఆ వివేకం కలుగలేదు; కలిగినా, స్వేచ్ఛపై ఆశ దానిని మింగివేసింది.

ఇంతకూ అడవిలోని ఆ ఏడాది వృత్తాంతం ప్రధానంగా తివారీ అధికారులకిచ్చిన వాఙ్మూలమే. ఆదరించినవారి మాట అందులో లేదు. నాడు వేల సంఖ్యలో నున్న గ్రేట్ అండమానీలు, రోగాలకు, వలసపాలనకు బలియై, 2011 జనాభా లెక్కలనాటికి 44 మంది మాత్రమే మిగిలినారు. ఆ నాశనానికంతకూ ఒక్క తివారీని బాధ్యుని చేయుట న్యాయం కాదు. కాని అతని తప్పు తప్పే. మొదటి పరారీకి దండించిన ప్రభుత్వమే రెండవదానికి క్షమించింది. ఆ క్షమ దాని చేతిలోనిది కాదు. అడవిలో నున్న లిపాది, ఆమె జనానిది.