శాతం నాయకుని చేతిలో లేదు, కారణం కాగితం మీద అడగండి

పోస్టు కొంచెం పొడుగుంది. ఇంట్లో దివ్యాంగుల పింఛను ఉండేవాళ్లు ఓపిగ్గా చివరిదాకా చదవండి.

2025 ఆగస్టులో పింఛన్ల నోటీసులు వచ్చినప్పట్నుంచి ప్రొద్దుటూరు, జమ్మలమడుగు, పులివెందుల... యాడికి పోయినా ఒకటే మాట. "ఫలానా నాయకుని కాడికి పోతే పనైపోతాది" అంటాండారు. నాయకుడు ఫోన్ చేస్తే వంగని మోకాలు వంగుతాదా? సదరంలో శాతం వేసేది డాక్టరు. దానికో లెక్క ఉంది. ఆ లెక్క మనకు తెలీకపోబట్టే దళారి బతుకుతాండాడు.

నెలకు 6,000 రూపాయల పింఛను రావాలంటే 40 శాతం ఉండాల. ఒక కన్ను పూర్తిగా పోయి రెండోది బాగుంటే, కేంద్రం మార్గదర్శకాల ప్రకారం 30 శాతమే. చూపు కూడా అద్దాలు పెట్టే కొలుస్తారు. కాలికి 30, చేతికి 20 వస్తే మనం 50 అనుకుంటాం. వాళ్లు అట్ల కూడరు. 90లో పెద్ద అంకె 30 తీసేస్తే 60. ఆ 60ని చిన్న అంకె 20తో గుణించి, 90తో భాగిస్తే 13 చిల్లర. దాన్ని 30కి కలిపితే మొత్తం 43. ఈ లెక్క తెలిస్తే తప్పు యాడ జరిగిందో మనమే పట్టుకోవచ్చు.

అట్లని సర్కారు చేసిందంతా సరి అనడంలే. దొంగ సర్టిఫికెట్లు ఏరాల్సిందే, వాటివల్లే నిజమైనోళ్లు మళ్లా వరసలో నిలబడాల్సొచ్చింది. కానీ ఆ సర్టిఫికెట్ నడవలేనివాడు తనకు తాను రాసుకోలేదు గదా! దాని మీద ఉండేది సర్కారు డాక్టరు సంతకమే. చిన్నప్పుడు పోలియోతో సన్నబడిన కాలికి ఒక డాక్టరు 60 వేసి, ఇంకొకాయన 35 వేస్తే, మారింది కాలా, కొలతా? ఆ జవాబు చెప్పాల్సింది కొలిచినోళ్లు. చంకకర్ర పట్టుకున్నోణ్ణి ఆఫీసుల చుట్టూ తిప్పడం ఏం న్యాయం?

చీనీ మార్కెట్లో సూటు తీస్తే ఎందుకు తీసినావని నిలదీస్తాం. మనిషి ఒంట్లో 25 శాతం తరుగు తీస్తే నోరు మూసుకుంటామా? దివ్యాంగుల హక్కుల చట్టం 2016లో వచ్చింది. సర్టిఫికెట్ ఇవ్వమంటే కారణం రాతపూర్వకంగా చెప్పాలని దాని నిబంధనలు అంటాయి. 59వ సెక్షన్ అప్పీలు హక్కు ఇచ్చింది.

అందుకే నోటీసు చేతికొస్తే ముందు అందులో గడువు చూడండి. పల్లెలో ఎంపీడీవోకు, టౌన్లో మున్సిపల్ కమిషనర్‌కు అప్పీలు పెట్టండి. నకలు మీద తేదీ, ముద్ర వేయించుకోండి. పాత ఎక్స్‌రేలు, ఆస్పత్రి చీటీలు, పాత సర్టిఫికెట్ అన్నీ జత చేయండి. సర్టిఫికెట్ తాత్కాలికమా, శాశ్వతమా చూడండి. తాత్కాలికమైతే గడువు ముగిసేలోపే మళ్లా స్లాట్ బుక్ చేసుకోండి. ఒక్క రూపాయి కూడా దళారికి ఇయ్యొద్దు.

చదువు రానోళ్లకు ఇది చదివి వినిపించండి. ఊర్లో ఒక్కరికి లెక్క తెలిసినా, పదిమంది నాయకుని గడప తొక్కే పని తప్పుతాది.